ఎడమ చేతికి ఒక్క ఉన్ని ఉండ

మంగతాయారు బదరీనాథ్ యాత్రకి ఇంక కొద్దిరోజులే ఉన్నాయనగా, ఆమె భర్త పరాంకుశం గారు అల్లుతున్న స్వెటర్‌కి కుడిచెయ్యి పూర్తయింది. ఎడమచెయ్యి మొదలుపెట్టబోతే ఉన్ని అయిపోయింది.

ఇందులో కొంప మునిగిందేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. కాకినాడలో స్వెటర్‌కి ఎడమచెయ్యి ఉంటే ఎంత, లేకపోతే ఎంత? అలా అనేవాళ్ళకి మంగతాయారు సంగతి తెలియదన్నమాట. పెళ్ళయిన దగ్గర్నుంచీ పరాంకుశం గారు ఏం తెచ్చినా ఆవిడ మార్చేసేది. చీర తెస్తే మర్నాడే కొట్టుకి పట్టుకెళ్ళి రంగు మార్చేది. చెప్పులు తెస్తే సైజు మార్చేది. గొడుగు తెస్తే పిడి బాలేదని మార్చేది. ఒకసారి ఆయన తెచ్చిన మిక్సీ సాయంత్రానికల్లా ఇస్త్రీపెట్టె అయి ఇంటికొచ్చింది. ఆవిడకి ఆయన మీద కోపం గానీ చులకన గానీ లేవు. పొట్లం విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందండీ. బిల్లుందా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేది.

ఆ మాట వినగానే పరాంకుశం గారికి, తననే ఎవరో కాగితంలో చుట్టి కౌంటర్ మీద తిరిగి పెట్టినట్టుండేది.

ఆయన ఓడరేవు దగ్గర వాతావరణ కేంద్రంలో పనిచేసేవారు. రోజూ ఊళ్ళో ఎంత ఎండ కాసిందో కొలిచి రాయడం ఆయన ఉద్యోగం. రక్తపోటుకి మందుతో పాటు చేతులకేదైనా నెమ్మదైన పని ఉండాలని డాక్టరు చెబితే, చిన్నప్పుడు అమ్మ దగ్గర చూసిన అల్లిక గుర్తొచ్చి సూదులు పట్టారు. మండుటెండలో డిగ్రీలు రాసుకుని ఇంటికొచ్చి, ఫ్యాను కింద కూచుని ఉన్ని అల్లేవారు. అల్లుతుండగా ఒకనాడు ఆయనకి తట్టింది. చేత్తో అల్లినదానికి బిల్లుండదు. బిల్లు లేనిదాన్ని ఎవరూ తిరిగి తీసుకోరు. ఆ క్షణంలో ఆయన గుండె దడదడ కొట్టుకుంది. రక్తపోటు కూడా కొంచెం పెరిగే ఉంటుంది.

మరి ఉన్ని ఎందుకు చాలలేదంటే, దానికి కారణం ఆయన తెలివే. ఊళ్ళో 'చిత్రశోభ హస్తకళా సామగ్రి సహకార భాండారం' అని పెద్ద దుకాణం ఉంది. జనం దాన్ని పూసల కొట్టు అంటారు. దారాలు, లేసులు, పూసలు, తళుకులు, రంగుకాగితాలు, ఉన్ని, ఒకటేమిటి, చేతిపనికి కావలసిందేదైనా అక్కడ దొరుకుతుంది. ఆదివారం పేపర్లో ఆ కొట్టు కూపన్ వస్తుంది. ఒక కూపన్‌కి ఒక వస్తువు సగం ధర. పరాంకుశం గారు వారానికో కూపన్ కత్తిరించి వారానికో ఉండ కొనేవారు. నాచుపచ్చ రంగు. ఆ రంగు ఒక్క తొట్టిలో ముంచిన ఉన్నికే కుదిరింది. ఇంకో తొట్టిది తెచ్చి పక్కన పెడితే నాచు పక్కన తోటకూర పెట్టినట్టుంటుంది. అన్నీ ఒకేసారి కొనేస్తే పోయేది. కానీ సగం ధర మనసుకిచ్చే హాయి పూర్తి వస్తువు కూడా ఇవ్వదు. చివరి కూపన్ జేబులో పెట్టుకుని ఆయన కొట్టుకి వెళ్ళేసరికి అక్కడ సంస్కరణ జరిగిపోయింది.

సంస్కరణకి మూలం ఒక అట్టపెట్టె. భాండారం అధ్యక్షులు సర్వోత్తమరావు గారు ఏదో సదస్సుకి వెళ్తూ అటక మీంచి సూట్‌కేసు లాగబోతే, ఆయన భార్య కూపన్ల మీద కొని దాచిన పూసల పెట్టె నెత్తిన పడింది. ఆ పూసలు వాళ్ళింట్లో మంచాల కింద ఇప్పటికీ దొరుకుతున్నాయి. తలకి కట్టుతో వెళ్ళిన ఆ సదస్సులో ఎవరో 'కూపన్లను వివేకంతో వాడుకోవడం ఎలా' అని ప్రసంగించారు. సర్వోత్తమరావు గారు మారిన మనిషై తిరిగొచ్చారు. అవివేకంగా వాడే కూపన్ సమాజానికి చేటనీ, ఇకమీదట తమ భాండారంలో ఏ కూపన్ గానీ వివేకం రుజువు కాకుండా చెల్లదనీ తీర్మానం చేశారు.

కౌంటర్ దగ్గర భ్రమరాంబ ఉంది. ఆ కొట్టులో ఉన్ని విభాగం ఆవిడదే. పరాంకుశం గారిని చూసి నవ్వబోయి ఆపుకుంది.

"ఒక్క ఉండ ఇయ్యమ్మా, నాచుపచ్చ," అన్నారాయన.

"ఉన్నాయండి, ఆరు ఉండలున్నాయి. అదిగో, ఆ అరలో. కానీ నేను తియ్యకూడదండి. ఆయ్."

"కూపన్ తెచ్చానుగా."

"కూపన్ తెచ్చారు గానీ వివేకం తేలేదు కదండీ. ముందు మేడ మీదికెళ్ళి రుజువు చేసుకోవాలండి."

"పోనీ కూపన్ లేకుండా, పూర్తి ధరకే ఇచ్చెయ్."

భ్రమరాంబ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అంతమాట అనకండి బాబూ, ఎవరైనా వింటారు. సగానికి దొరికేదాన్ని పూర్తి ధరకి కొంటాననడం అన్నిటికన్నా పెద్ద అవివేకం అంటండి. నిన్న ఒకావిడ అలాగే అడిగితే చుట్టూ చేరి మంచినీళ్ళు తాగించి, రిక్షా ఎక్కించి పంపించారు."

పరాంకుశం గారు అరలోకి చూశారు. ఆరు ఉండలూ ఒకదానికొకటి ఆనుకుని, నిద్రపోతున్న పిల్లికూనల్లా ఉన్నాయి. చెయ్యి చాస్తే అందే దూరం. ఆయన చెయ్యి చాచలేదు. ఆయన జన్మలో ఎప్పుడూ చెయ్యి చాచి ఏదీ తీసుకోలేదు. ఆ విషయం ఆయనకి ఆ కౌంటర్ దగ్గర నిలబడి ఉండగానే తెలిసింది. తెలిసినందువల్ల ఉపయోగమేమీ కనపడక, మేడ మెట్లెక్కారు.

మేడ మీద అవసర నిర్ధారణాధికారి ఉమాకాంతం ఉన్నాడు. మొన్నటిదాకా జిగురు సీసాలకి చీటీలంటించేవాడు. ఇప్పుడు పెద్ద బల్ల, దాని మీద గంట.

"కూర్చోండి. కొనదలచిన వస్తువు?"

"ఉన్ని ఉండండి. ఒక్కటి."

"ప్రయోజనం?"

"ఎడమచెయ్యండి."

ఉమాకాంతం ఒంగి ఆయన ఎడమచేతిని పరిశీలించాడు. "సక్రమంగానే ఉంది కదా?"

"నాది కాదండి. స్వెటర్‌ది. మా ఆవిడ స్వెటర్."

"స్వెటర్," అన్నాడు ఉమాకాంతం. కిటికీ వైపు చూశాడు. బయట రోడ్డు మీద తారు మెరుస్తోంది. "ఈ పట్టణపు ఉష్ణోగ్రత ఎంతో తమరికి అవగాహన ఉందా?"

"ఉందండి. నేనే రాస్తాను."

"అయినప్పటికీ స్వెటర్ అంటున్నారు."

"ఆవిడ బదరీనాథ్ వెళ్తోందండి. అక్కడ చలి."

"అయితే అవసరం అక్కడ ఉత్పన్నమవుతోంది, కూపన్ ఇక్కడ వినియోగమవుతోంది. సరే, ఉదారంగా పరిశీలిద్దాం. కుడిచెయ్యి పూర్తయిందన్నారు?"

"పూర్తయిందండి."

"కూపన్ మీద తగ్గింపు ఎంత?"

"సగం."

"స్వెటర్‌కి సమకూరిన చేతులు?"

"సగమేనండి."

ఉమాకాంతం కుర్చీలో వెనక్కి వాలాడు. ఎంతో కాలంగా వెతుకుతున్నదేదో దొరికినవాడిలా ముఖం వెలిగిపోయింది. "సగం ధరకు సగం చేతులు! ఇంతటి సమతుల్యమైన వినియోగం ఈ శాఖ ఇంతవరకు చూడలేదు. ఇందులో ఇంకో ఉండ వేశారంటే దీని అందమే చెడిపోతుంది."

"ఎడమచేతికి చలేస్తుందండి మరి."

"యాత్రాకాలంలో సదరు చేతిని సంచిలో ఉంచుకోవచ్చును." అంటూనే అతడు గంట కొట్టాడు. "నేను కఠినుణ్ణి కాను. 'షరతులకు లోబడిన అవసరం' అని సిఫారసు చేస్తున్నాను. పక్కగదిలో మనస్తత్వ నిపుణురాలిని కలవండి. మీ కోరిక కోరికా, ఆవేశమా అన్నది ఆవిడ తేలుస్తారు."

పక్కగదిలో డాక్టర్ విశాలి ఉంది. మెత్తని గొంతు, మెత్తని కుర్చీ. ఎదురుగా బల్ల మీద గాజుమూత కింద ఒక నాచుపచ్చ ఉన్ని ఉండ. దాని మీద పైనుంచి దీపం వెలుగు పడుతోంది.

"దాన్ని చూడండి," అందావిడ. "మీ లోపల ఏం జరుగుతోందో చెప్పండి."

పరాంకుశం గారు నిజాయితీపరుడు. "కావాలనిపిస్తోందమ్మా," అన్నారు.

"ఎంత కావాలనిపిస్తోంది?"

"చాలా."

డాక్టర్ విశాలి జాలిగా తల ఊపింది. "చూశారా. ఇది ఆవేశం. కొనకుండా ఉండగలిగినవాళ్ళకే కొనే అర్హత ఉంటుంది. ఇంటికెళ్ళండి. ఆ కోరికతో పోట్లాడకండి. దాని పక్కన కూచోండి. అది చల్లబడ్డాక రండి."

ఆయన ఇంటికెళ్ళి కోరిక పక్కన కూచున్నారు. అవతలి పక్కన మంగతాయారు కూచుని యాత్రకి మరమరాల డబ్బా సర్దుకుంటోంది.

"ఏవండీ, ఇంకా ఒక చెయ్యేనా?" అంది.

"అవుతుంది తాయారూ."

"తొందరేం లేదులెండి. ఎందుకైనా మంచిదని బజార్లో ఒకటి చూసొచ్చాను. ఎర్రది. అతను బిల్లు కూడా ఇస్తాట్ట."

పరాంకుశం గారు ఆ సాయంత్రమంతా మనసుని ఖాళీ చేసుకునే ప్రయత్నంలో పడ్డారు. ఉన్నిని తలుచుకుని ఏమీ అనుకోకుండా ఉండటం సాధన చేశారు. మొదట్లో ఉన్నిని తలుచుకుంటే ఎర్ర స్వెటర్ గుర్తొచ్చేది. ఎర్ర స్వెటర్ వెనకాల బిల్లు, బిల్లు వెనకాల మిక్సీ, ఇస్త్రీపెట్టె వరసగా వచ్చి నిలబడేవి. ఒక్కొక్కదానికీ నమస్కారం పెట్టి పంపించేశారు. మళ్ళీ డాక్టర్ విశాలి ముందు కూచునేసరికి ఆయన లోపల వేసవి మధ్యాహ్నపు బడిలా నిశ్శబ్దంగా ఉంది.

"ఇప్పుడేమనిపిస్తోంది?"

"ఏమీ అనిపించడం లేదమ్మా."

"కావాలని లేదా?"

"అస్సలు లేదు."

"చాలా సంతోషం!" అని ఆవిడ లేచి ఆయన చెయ్యి ఊపింది. "అయితే మీకు అక్కర్లేదన్నమాట. వెళ్ళిరండి."

వాకిలి దాటాక గానీ తను ఓడిపోయినట్టు ఆయనకి తెలియలేదు. వెంటనే వెనక్కి తిరిగొచ్చి, "కావాలమ్మా, కాకపోతే లేకపోయినా ఫరవాలేదు," అన్నారు.

"దీన్ని ద్విధాస్థితి అంటాం. మీరింకా తేల్చుకోలేదు."

ఆయనకి దుఃఖం ముంచుకొచ్చింది. ఆ మెత్తని కుర్చీలో కూలబడి, ఎవరికీ చెప్పనిది చెప్పేశారు. చీరలు, చెప్పులు, గొడుగు అన్నీ చెప్పారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తను ఇచ్చిందాన్ని ఆవిడ అట్టేపెట్టుకుంటే చాలనిపిస్తుందన్నారు. డాక్టర్ విశాలి కళ్ళు తుడుచుకుంది. నిజంగానే తుడుచుకుంది.

"పరాంకుశం గారూ, మీక్కావలసింది ఉన్ని కాదండీ," అంది. "దాని వెనకాల ఉన్న వేరే వస్తువు."

"అవునమ్మా!"

"ఆ వస్తువుకి మా దగ్గర కూపన్ లేదు." గాజుమూత తుడిచి సరిగ్గా పెట్టింది. "అందుకని మిమ్మల్ని శిక్షణ తరగతికి పంపిస్తున్నాను."

శిక్షణ తరగతి కింది అంతస్తులో, అరల మధ్య నడవాల్లో జరిగేది. చేరినవాళ్ళందరి చేతికీ ఖాళీ సంచి ఇచ్చేవారు. ఆ సంచితో తళుకుల వరసలోంచి, పూసల వరసలోంచి, జరీ అంచుల వరసలోంచి ఏమీ ముట్టుకోకుండా నడిచి అవతలి గుమ్మంలోంచి బయటికి రావాలి. అక్కడ ఉమాకాంతం సంచి బోర్లించి దులిపి, "ఏం కొన్నారు?" అని గట్టిగా అడిగేవాడు.

"ఏమీ కొనలేదు!" అని అందరూ ముక్తకంఠంతో అనాలి.

మొదటి రోజు గొణిగినవాళ్ళే మూడో రోజుకి కేకలు వేస్తున్నారు. పరాంకుశం గారింట్లో పక్కవాటాలో ఉండే సత్యవేణి ఈ తరగతిలో ఆణిముత్యం. ఏళ్ళ తరబడి కనపడ్డ లేసల్లా కొనే మనిషి. ఇప్పుడు కొనకపోవడంలోనూ అదే ఊపు. ఎంత ఖరీదైనదాన్ని కొనకపోతే అంత ఆదా అని సర్వోత్తమరావు గారు చెప్పిన సూత్రం ఆవిడకి బాగా వంటబట్టింది.

"పొద్దున్నే వెళ్ళి పట్టుదారం నాలుగు రీళ్ళు కొనలేదు వదినా," అంది ఒకరోజు గోడ మీంచి, మంగతాయారుతో. "మా తోడికోడలు ఒక్క ముత్యాల దండ కొనకుండా వచ్చి ఎంత గొప్పలు పోయిందనుకున్నావ్. నేను ఊరుకుంటానా? కుట్టుమిషనే కొనలేదు."

"అమ్మో, మిషనే!" అంది మంగతాయారు.

"కాళ్ళతో తొక్కేది కాదు. కరెంటుది."

ఈ వెర్రి ఊరంతా పాకింది. పెళ్ళిచూపుల్లో పిల్ల ఏమేం కొనకుండా ఉండగలదని అడుగుతున్నారట. పేరంటాల్లో ఖాళీ సంచులు పక్కన పెట్టుకుని కూచుంటున్నారు. చిత్రశోభ ముందు పొద్దున్నే బారులు తీరి, లోపలికెళ్ళి, ఏమీ కొనకుండా ముఖాలు వెలిగిపోతూ బయటికొస్తున్నారు. ఇంత రద్దీ ఆ కొట్టు పుట్టాక లేదు. లోపల భ్రమరాంబ అమ్మకుండా అమ్మకుండా చేతులు పట్టేసి, అరలు దులిపిందే దులుపుతోంది. సూది కావాలని ఒక దర్జీ వస్తే, చిరిగిన బట్టతో కూడా కొంతకాలం బతకవచ్చునని తేల్చి పంపించేశారు. కొట్టు మూతపడుతుందేమో, తనకి జీతం రాదేమోనని భ్రమరాంబ భయపడి అడిగితే, అధ్యక్షులు ఆప్యాయంగా భుజం తట్టి, "జీతాన్ని అందుకోవాలన్న తొందర కూడా ఒక ఆవేశమేనమ్మా," అన్నారట.

ఇంతలో పరాంకుశం గారు ఇంకెవరి వల్లా కానంత ఘనత సాధిస్తున్నారు. మిగతావాళ్ళు గొప్ప కోసం కొనడం లేదు. ఆయన ప్రాణం పెట్టి కొనాలని వచ్చి, ప్రతిసారీ ఖాళీ చేతులతో వెళ్తున్నారు. ఉమాకాంతం దగ్గరికి, అక్కణ్ణించి విశాలి దగ్గరికి, అక్కణ్ణించి తరగతికి, తరగతి నుంచి మళ్ళీ ఉమాకాంతం దగ్గరికి తిరుగుతూనే ఉన్నారు. యాత్ర బస్సు రేపు సాయంత్రం అనగా ఆయన ఇంటికి ఒక కార్డు వచ్చింది. భాండారం వార్షికోత్సవంలో ఆయనకి 'వివేకరత్న' సన్మానం. ఒకే వస్తువును ఇన్నిసార్లు కొననివారు రాష్ట్రంలోనే లేరట.

మంగతాయారు కార్డు చదివి మురిసిపోయింది. "నేను చెప్పలా, మీలో ఏదో ఉందని?" అంది. ఆవిడ అలా ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పట్టించుకోలేదు. పరుగున కొట్టుకి వెళ్ళారు. రత్నం అయినవాడికి ఒక్క ఉండ ఇవ్వరా?

అర ఖాళీగా ఉంది.

ఆరు ఉండలూ లేవు. అరలో నాచుపచ్చ నూగు కొంచెం అంటుకుని ఉంది, అంతే. గాజుమూత కింద నమూనా ఉండ కూడా లేదుట.

"ఎవరు కొన్నారు భ్రమరాంబా?"

"ఈ కొట్లో ఇంకా ఎవరండి కొనేది?"

"మరేమయ్యాయి?"

భ్రమరాంబ మేడ మెట్ల వైపు చూసింది. ఉమాకాంతం అక్కడే నిలబడి ఉన్నాడు. "నేను చెప్పకూడదండి," అంది. ఆయన ముఖం చూసి ఆగలేక, దుమ్ముగుడ్డ దులుపుతున్నట్టు దగ్గరికొచ్చింది. "రేపు సభకి మాత్రం మానకండి. కాళ్ళకి దణ్ణం పెడతాను. ఆయ్."

మర్నాడు పొద్దున్నే సభ. భాండారంలోనే అరలు పక్కకి జరిపి వేదిక కట్టారు. మైకు, పూలదండ, నీళ్ళసీసాలు, ముందు వరసలో సత్యవేణి ప్రభృతులు ఖాళీ సంచులతో. మంగతాయారు రాలేదు. ఇంట్లో సామాన్లు కట్టుకుంటోంది. ఎర్ర స్వెటర్ మధ్యాహ్నం తెచ్చుకుంటానంది. పరాంకుశం గారు వేదిక మీద మధ్యకుర్చీలో, తనని కాదన్నట్టు కూచున్నారు.

సర్వోత్తమరావు గారు దండ వేశారు. తరవాత పళ్ళెంలోంచి శాలువా తీసి విదిలించారు.

"సభాసదులారా! సన్మానానికి శాలువా బయట కొనడం మన సిద్ధాంతానికే కళంకం. కనుక అమ్ముడవకుండా మన వద్ద మిగిలిన ఉన్నితో, మన భ్రమరాంబ చేత, కొనకుండానే అల్లించాం!"

శాలువా భుజాల మీద పడింది. పరాంకుశం గారు చూడలేదు. చూడనక్కర్లేకపోయింది. మెడ వెనక ఆ మెత్తదనం తగలగానే, ఇన్నాళ్ళూ గాజుమూత అవతల ఉన్నదేదో తన లోపలికి వచ్చి కూచున్నట్టయింది. అప్పుడు తలొంచి చూశారు. నాచుపచ్చ. ఒకే తొట్టి.

చేత్తో అల్లిన శాలువాలన్నిటికీ చివర గట్టి ముడి ఉంటుంది. అల్లిక ఎక్కడ ముగిసిందో అక్కణ్ణించే విడుతుంది కనుక అల్లేవాళ్ళు దాన్ని మరచిపోరు. ఆయన వేళ్ళు అంచు వెంట నడిచి మూలకి చేరాయి. అక్కడ ముడి లేదు. బెత్తెడు దారం ఊరికే వదిలేసి ఉంది. తల ఎత్తి చూస్తే, హాలు చివర భ్రమరాంబ ఎటో చూస్తూ ఒక అరని దులుపుతోంది.

సర్వోత్తమరావు గారు మైకు సరిచేసుకున్నారు. "ఈ శుభసందర్భంలో నేను ఎక్కువసేపు మాట్లాడను," అన్నారు.

పరాంకుశం గారు దారం పట్టుకుని లాగారు. జన్మలో మొదటిసారి, ఎవరినీ అడగకుండా.

అధ్యక్షులు మానవజాతి నాగరికతలో కూపన్ స్థానం గురించి చెబుతుండగా ఎడమభుజం మీద అంచు పోయింది. అటక మీది పెట్టె ఉదంతానికి వచ్చేసరికి శాలువా తువ్వాలు అయింది. దారం గిలగిలా విడుతోంది. ఆయన వేళ్ళు దాన్ని ఒళ్ళో ఉండగా చుడుతున్నాయి. నెమ్మదిగా, శ్రద్ధగా, చిన్నప్పుడు అమ్మ పక్కన కూచుని చుట్టినట్టు. ఆయనకి సభ వినపడటం లేదు. లోపల బిల్లూ లేదు, మిక్సీ లేదు. 'వివేకానికి, విరక్తికి గల సూక్ష్మభేదం' అన్న భాగంలో శాలువా మెడపట్టీ అంత మిగిలింది. "చివరగా ఒక్కమాట" అన్నాక మరో అరగంట సాగేసరికి అదీ పోయింది.

"అదిగో! ఆ నిరాడంబరమూర్తిని, ఆ భుజాలపై మెరుస్తున్న ఈ శాలువాను..." అని సర్వోత్తమరావు గారు చెయ్యి చాపి తిరిగారు. భుజాల మీద శాలువా లేదు. మూర్తి ఒళ్ళో కొబ్బరికాయంత పచ్చని ఉండ.

ఫ్యాను చప్పుడు వినిపించింది.

"శాలువా ఏది?" అన్నారు అధ్యక్షులు, మైకులోనే.

"ఇదేనండి," అన్నారు పరాంకుశం గారు ఉండని చూపించి. అది నిజమే.

ఉమాకాంతం వేదిక మీదికి పరుగెత్తుకొచ్చి అధ్యక్షుల చెవిలో చెప్పబోయాడు. మైకు దాన్ని అందరికీ వినిపించింది. "ఇది కొనుగోలు కాదండి. అమ్మకమూ కాదు. కూపన్ వినియోగం కాలేదు. బహూకరించిన వస్తువును విప్పరాదని నిబంధనల్లో లేదండి."

సర్వోత్తమరావు గారి ముఖంలో కాసేపు రంగులు మారాయి. ఆయన చాలా ఏళ్ళుగా అధ్యక్షుడు. ఊరికే అవలేదు. "సభాసదులారా!" అని గర్జించారు. "చూశారా! కొనకపోవడం మనమందరం చేస్తాం. కానీ ఉచితంగా వచ్చిన సన్మానాన్ని సైతం వాడుకోకుండా, దాన్ని తిరిగి ముడిసరుకుగా మార్చిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇది వివేకపు ఆవలిగట్టు!"

చప్పట్లు మారుమోగాయి. ద్వితీయ బహుమతిగా లేసు రుమాలు అందుకున్న సత్యవేణి క్షణం ఆలోచించలేదు. ముందు వరసలోనే నిలబడి దాన్ని విప్పడం మొదలుపెట్టింది. ఆవిడ పక్కనున్నావిడ తన పైట అంచు లేసు అందుకుంది. పరాంకుశం గారు ఉండని పూలదండ మాటున పెట్టుకుని, ఎవరూ చూడకుండా గుమ్మం దాటారు. దాటుతూ భ్రమరాంబకి దణ్ణం పెట్టారు. ఆవిడ గుడ్డ దులిపింది.

ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా సూదులు పట్టారు. "బజారుకెళ్ళొస్తానండీ," అని మంగతాయారు చెప్పులు వేసుకుంటే, "కాస్త ఆగు తాయారూ," అన్నారు. ఆయన అలా ఎప్పుడూ అనలేదు. ఆవిడ చెప్పులు విప్పి, పక్కన కూచుని మరమరాలు తింటూ చూసింది. వరస మీద వరస లేస్తోంది. ఇన్నాళ్ళూ ఒక్క ఉండకి మొహం వాచిన మనిషికి ఒళ్ళో ఏడు ఉండల ఉన్ని. మణికట్టు దగ్గర ఆపాల్సింది, ఆపలేకపోయారు. ఎక్కడ చాలకపోతుందోనన్న పాత భయం వేళ్ళలోంచి ఇంకా పోలేదు.

సాయంత్రం యాత్ర బస్సు దగ్గర, కాకినాడ ఉక్కలో, తోటివాళ్ళంతా విసనకర్రలు విసురుకుంటుండగా మంగతాయారు స్వెటర్ తొడుక్కుంది. కుడిచెయ్యి సరిగ్గా కుదిరింది. ఎడమచెయ్యిలో ఆవిడ చెయ్యి మాయమై, వేళ్ళ కొసల తరవాత కూడా జానెడు చెయ్యి వేలాడింది.

ఆవిడ దాన్ని పైకెత్తి చూసుకుంది. అటూ ఇటూ తిప్పింది. పరాంకుశం గారు తరవాతి మాట కోసం ఎదురుచూశారు.

"బాగుందండీ," అంది. "ఈ ఉన్ని ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు."

"నా దగ్గర కూడా ఆ కోతలేనా? నిజం చెప్పండి."

"నిజంగానే కొనలేదు తాయారూ." జేబులోంచి కూపన్ తీసి చూపించారు. ఇవాళ్టితో దాని గడువు అయిపోయింది.

ఆవిడ కూపన్ వంకా, ఆయన వంకా, వేలాడుతున్న చెయ్యి వంకా చూసింది. "బాగానే ఉంది సంబడం. కొననే లేదంటే ఇంక దీన్ని ఎవరికిచ్చి మార్చుకోను, నా ఖర్మ!" అని విసుక్కుని, ఆ చేతిని ఒక మడత, దాని మీద ఇంకో మడత పెట్టుకుంటూ బస్సెక్కింది.

బస్సు కదిలాక కిటికీలోంచి పచ్చటి లావుపాటి మడత ఒకటి బయటికొచ్చి ఊగింది. సందు మలుపు తిరిగేదాకా ఊగుతూనే ఉంది. ఆ రోజు ఊళ్ళో ఎండ మామూలు కన్నా ఎక్కువే. ఎన్ని డిగ్రీలో రాయడం పరాంకుశం గారు మరిచిపోయారు.